నీలికాగులో మునిగిన ఊరు

మా హేలూ అవ్వకు కుడిచేతి చూపుడు వేలు లేదు. ఎందుకు లేదంటే అడిగిన ప్రతివాళ్ళకూ ఒక్కో కథ చెబుతుంది. చిన్నపిల్లలకైతే మొసలి కొరికిందంటుంది. కొత్తగా పెళ్ళయిన ఆడపిల్లలకు, మొగుణ్ణి వేలెత్తి చూపీ చూపీ అరిగిపోయిందంటుంది. చర్చి ఫాదరు అడిగినప్పుడు, "మీ దేవుడికి అరువిచ్చాను, ఇంకా తిరిగివ్వలేదు, కాస్త గుర్తు చెయ్యండి" అంది. ఆయన మళ్ళీ అడగలేదు.

అబద్ధాలన్నీ అయిపోయాక మిగిలిన నిజం ఇది. దీన్ని కూడా చెప్పింది అవ్వే. కాకపోతే ఈసారి దీమూ తాత పక్కనే కూర్చుని, ఆమె కోతలు కోసిన చోటల్లా దగ్గాడు.

అప్పటికి ఆమె అవ్వ కాదు. ఉత్త హేలూ. మోచేతుల దాకా నీలం. రోలే దీవిలో నీలి అద్దకం పనిచేసే ఆడవాళ్ళందరి చేతులూ అంతే. ఆమె కాగు వాళ్ళ అమ్మది, అంతకుముందు అమ్మమ్మది. నేలలో మెడదాకా పాతిన పెద్ద మట్టికాగు. దానికి సున్నం, బూడిదనీళ్ళు, తాటిపానకం తినిపించాలి. పొద్దున్నే మూత తీసి పలకరించాలి. అలిగిందంటే నూలుకు రంగు పట్టదు. మొగుడు దీమూ అలిగితే హేలూ రెండు రోజుల దాకా గమనించేది కూడా కాదు. కాగు అలిగితే మాత్రం గంజి మానేసి దాని పక్కనే కూర్చునేది.

ఆ కాగున్న పాకలోకి మగవాడు అడుగు పెట్టకూడదు. కాగును చూసిన మగవాడి కళ్ళకు పొర కమ్ముతుంది. అందులో చెయ్యి పెట్టినవాడి ఒళ్ళు ఎండుతుంది, వంశం ఎండుతుంది. వాణ్ణి ముట్టుకున్నవాడికీ అదే గతి. తొలకరి వాన నెత్తిన పడేదాకా ఆ అంటు పోదు. అందుకే మగాళ్ళు ఆ పాకకు ఆమడ దూరం నుంచే చుట్టు తిరిగి పోయేవారు. ఆడవాళ్ళకు అంతకంటే సుఖం ఏముంటుంది? మొగుళ్ళ మీద చాడీలన్నీ అక్కడే.

దీమూ తాటిచెట్లు ఎక్కేవాడు. పెళ్ళాం ముందు పిల్లిలా ఉండేవాడు, చెట్టెక్కితే మాత్రం రాజు. గెల మొనను రేకులా చెక్కాలన్నా, ముంత వేలాడదీసి ముడి బిగించాలన్నా, గాలికి ఊగే మానును కరుచుకోవాలన్నా వేళ్ళే ఆధారం. రోలేలో ఎండాకాలం అంతా తాటిపానకమే తిండి. గీతగాడికి చూపుడు వేలు పోయిందంటే ఆ ఇంటి పొయ్యి ఆరినట్టే.

రోలే కూడా భాగమైన మెరావి దేశాన్ని దొరలు వదిలి వెళ్ళబోతున్న ఏడు అది. వెళ్ళేవాళ్ళు ఊరికే వెళ్ళొచ్చుగా? పోయేముందు ఎన్నికలు పెట్టి, తమ మాట వినేవాళ్ళ చేతికి తాళాలిచ్చి పోదామనుకున్నారు. కొండల్లో తుపాకులు పట్టినవాళ్ళు, ఇది దొంగ ఎన్నిక, స్వాతంత్ర్యం మేమే తెస్తాం, ఓటు వేయొద్దు అన్నారు. దొరల సైన్యం జీపుకు బాకా కట్టుకుని ఊరూరా తిరిగింది. "ఓటు వేసినవాడి వేలికి సిరా ఉంటుంది. సిరా లేని వేలు కొండవాడి వేలు. కొండవాణ్ణి కాల్చేస్తాం." రెండు రోజులు తిరక్కుండానే కొండవాళ్ళు కబురు పంపారు. "సిరా ఉన్న వేలు మాకు కావాలి."

ఇద్దరూ మాట మీద నిలబడేవాళ్ళే. అదే వచ్చిన చిక్కు.

పోలింగు ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు. ముందు లెడేలో జరిగింది. అక్కడ కొండవాళ్ళకు జడిసి ఓటు వేయకుండా చింతతోపులో దాక్కున్న అన్నదమ్ములిద్దర్ని సైన్యం బయటికి లాగి చర్చి గోడకు నిలబెట్టి కాల్చింది. ఆ తరువాత హాబాలో. పోలింగు ముగిసి సైన్యం వెళ్ళిన మర్నాడు అక్కడ సంత. హేలూ బట్టలు అమ్ముకోవడానికి పోయింది.

బట్టల మూట విప్పిందో లేదో కొండవాళ్ళు దిగారు. సంతలో ఉన్నవాళ్ళ చేతులు ఒక్కొక్కటే తిప్పి చూశారు. సిరా ఉన్నవాళ్ళను చేపలు కోసే దిమ్మ దగ్గరికి ఈడ్చారు. మొదటి ఆడమనిషి అరుపు విని హేలూ కళ్ళు మూసుకుంది. ఆ తరువాత వాళ్ళకు అరిచే వ్యవధి కూడా లేదు. కత్తి దిమ్మకు తగిలిన చప్పుడే వినిపించింది, టకటకమని, ఎవరో వంటకు ముల్లంగి కోస్తున్నట్టు. కోసినవి ఎండుచేపల బుట్టలో వేశారు. ఒక ముసలాయన తన వేలు తనకిమ్మని, చచ్చాక దాంతో కలిపి పాతిపెట్టుకోవాలని బతిమాలాడు. డొక్కలో తన్నారు. హేలూ దగ్గరికి ఒకడు వచ్చి, ఆమె చేతులు చూసి, "అద్దకందాన్రా" అని వదిలేశాడు. ఇంటికొచ్చి మూట విప్పితే బట్టల నిండా నెత్తురు చింది ఉంది. నీలం మీద నెత్తురు ఎర్రగా ఉండదు. నల్లగా ఉంటుంది.

"ఏమైందే?" అన్నాడు దీమూ.

హేలూ అతని కుడిచెయ్యి అందుకుని వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది. పెళ్ళయ్యాక ఎన్నడూ అట్లా నిమరలేదట. తాత అక్కడ దగ్గలేదు.

ఆ వారంలోనే వాళ్ళ ఊళ్ళోకి సైన్యం దిగింది. బడి ముందు గుడారం వేశారు. ఊరిని తుపాకులతో తోలుకొచ్చి వరసలో నిలబెట్టారు. బల్ల ముందు సిరా సీసాతో గుమాస్తా. వెనక సార్జంటు. హేలూ వంతు వచ్చింది.

"చెయ్యి చాపు," అన్నాడు గుమాస్తా.

చాపింది.

"ఇదేంటి?"

"చెయ్యేనయ్యా. నువ్వు అడిగిందే."

"ఇంత సిరా ఎక్కడిది? ముందే ఓటేసొచ్చావా?"

"పుట్టినప్పట్నుంచీ వేస్తానే ఉన్నా. మా అమ్మా వేసింది, మా అమ్మమ్మా వేసింది. ఎవరు గెలిచిందీ ఇంతవరకూ ఒక్కడూ చెప్పలా."

వరసలో నవ్వు పాకింది. సార్జంటు ముందుకొచ్చి తుపాకీ మడమతో ఆమె మూతి మీద ఒక్కటిచ్చాడు. పన్ను ఊడి బల్ల మీద పడింది. నవ్వు ఆగిపోయింది.

"దీనికి ఓటు లేదు, ఈడ్చిపారెయ్యండి," అన్నాడు.

అందరి కళ్ళూ అటు తిరిగిన ఆ క్షణంలో వరస చివరనున్న రూదో అనే జాలరి ముళ్ళపొదల వైపు పరుగు తీశాడు. పొదల దాకా చేరనివ్వలేదు. వీపులో కాల్చారు. బోర్లా పడి, మట్టిని గుప్పిట్లోకి లాక్కుంటూ కాసేపు కొట్టుకున్నాడు. కదలిక ఆగాక సార్జంటు గుమాస్తాను పిలిచి శవం వేలికి సిరా పూయమన్నాడు. ఊరంతా ఓటేసినట్టు ఉండాలట. గుమాస్తా సీసా వంచేసరికి సగం సిరా రూదో చొక్కా మీదే ఒలికింది. ఆ తరువాత వరసలో ఒక్కొక్కరే వేలు చాపారు. దీమూ ఓటేశాడు. చూపుడు వేలికి గోరు మీంచి రెండో కణుపు దాకా నల్లటి సిరా.

మధ్యాహ్నానికి జీపులు వెళ్ళిపోయాయి. వెంటనే ఊరు ఊరంతా వేళ్ళు తోమడం మొదలెట్టింది. ఇసుక, సున్నం, నిమ్మకాయ, పులిసిన కల్లు. చర్మం ఊడుతోంది గాని సిరా పోవడంలేదు. దీమూ గరుకు రాయి మీద రుద్దీ రుద్దీ నెత్తురు తెచ్చుకున్నాడు. చివరికి రాయి విసిరేసి, నడుముకున్న గీతకత్తి తీశాడు.

"ఏం చేస్తున్నావు?"

"నేనే కోసుకుంటా. వాళ్ళ కత్తులు తుప్పువి. నాదైతే సన్నగా తెగుద్ది, గాయం తొందరగా మానుద్ది. రెండో కణుపు దగ్గర కోస్తే ముడేసుకోడానికి కాస్త మొండి ముక్కన్నా మిగులుద్ది."

చాలా రోజులుగా ఆలోచించి పెట్టుకున్నట్టు, కల్లు ముంత ఎక్కడ కట్టాలో చెబుతున్నంత నెమ్మదిగా అన్నాడా మాట. హేలూ అతని చెంప పగలగొట్టింది. కత్తి లాక్కుంది. దాన్ని చేత్తో పట్టుకుని తన నీలం వేళ్ళ వైపు చాలాసేపు చూసింది. హాబాలో తనను వదిలేసినవాడి మాట గుర్తొచ్చింది.

లేచి పాక తలుపు బార్లా తెరిచింది.

"ఊళ్ళో ఉన్న మగాళ్ళందర్నీ పిలవండి," అంది వాకిట్లో వేళ్ళు తోముకుంటున్నవాళ్ళతో.

మోజీ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. హేలూకి అద్దకం నేర్పిన పెద్దావిడ. చూపు తగ్గి పని మానేసి చాలా ఏళ్ళయింది, చేతులు తెల్లబడ్డాయి. అందుకే ఆమె వేలికీ సిరా పూశారు.

"మగవాణ్ణి లోపలికి తెస్తావటే? కాగు చస్తుంది. మీ అమ్మ కాగే అది!"

"చావనీ."

"వాళ్ళూ ఎండి చస్తారు."

"తొలకరి పడితే ఆ అంటు పోతుంది. రేపు నీ కొడుకు వస్తాడు అక్కా. లెబా కొండల్లోనే ఉన్నాడు కదా. నీ వేలు వాడే కోస్తాడు. కన్నకొడుకు చేత కోయించుకుంటావా?"

మోజీ పక్కకు తప్పుకుంది. ముందుగా కాగులో చేతులు ముంచింది ఆవిడే.

ఆడవాళ్ళ పని తొందరగానే అయింది. మగాళ్ళు మాత్రం వాకిట్లో మేకల మందలా ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. సైన్యానికి భయపడ్డారు, కొండవాళ్ళకు భయపడ్డారు, ఆ రెండిటికన్నా ఎక్కువ ఈ కాగుకు భయపడ్డారు.

"వేలు పోతే పోనీ, వంశం పోతే ఎట్టాగమ్మా?" అన్నాడు ఊరిపెద్ద.

"నీ వంశానికేం ఢోకా లేదులే పెదనాన్నా. వీధికొకడు నీ ముక్కేసుకుని తిరుగుతున్నాడు."

"మరి రేపు సైన్యం వచ్చి సిరా చూపించమంటే?"

"వాళ్ళొచ్చినప్పుడు చూద్దాం. ముందొచ్చేది కత్తి."

దీమూను పంచె పట్టుకుని లోపలికి లాగింది. "కళ్ళు మూసుకో. చూడకపోతే సగం పాపమే." అతని రెండు చేతులూ మోచేతుల దాకా కాగులో ముంచి, మనసులో అమ్మను తలుచుకుని, పైకి తీసింది. దీమూ ఒక కన్ను తెరిచి కెవ్వున కేకేశాడు.

"పచ్చగా ఉందే! కుళ్ళిపోతోందే!"

"నోర్ముయ్. గాలి తగలనీ."

అందరి కళ్ళముందే పాకుడు రంగు నీలంగా మారింది. రెండోసారి, మూడోసారి ముంచితే నల్లనీలం. సిరా ఎక్కడుందో కట్టుకున్నదానికే కనబడలేదు. పొద్దు గూకే వేళకు ఊళ్ళో ఒక్క తెల్ల చెయ్యి మిగల్లేదు. చంటిపిల్లల చేతులు కూడా ముంచారు.

కాగు మీద ఎప్పుడూ రాగిరంగులో మెరిసే నురగ ఉండేది. అది కుంగిపోయింది. నీళ్ళు నల్లబడి కుళ్ళిన వాసన కొట్టాయి. హేలూ మూత పెట్టి, దాని మీద తల ఆనించి, తల్లి పోయిన రోజున ఏడ్చినట్టు ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే కొండవాళ్ళు వచ్చారు. ముందు నడిచినవాడు మోజీ కొడుకు లెబా. పక్కన ఫెలీస్ అని పట్నం మనిషి, కళ్ళజోడు పెట్టుకున్నవాడు. మిగతా అందరూ దీవి కుర్రాళ్ళే. ఊరిని వాకిట్లో కూర్చోబెట్టారు. "చేతులు చాపండి," అన్నాడు లెబా.

ఊరంతా చాపింది. నీలం చేతుల అడవి.

లెబా రెండడుగులు వెనక్కి వేశాడు. అతని కుర్రాళ్ళు నాలుగడుగులు వేశారు.

"ఏం చేశారు మీరు?" అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "మగాళ్ళు కాగులో పెట్టారా?"

"పెట్టారు నాయనా," అంది మోజీ. "నేనూ పెట్టాను. కోస్తావా, రా."

"వీళ్ళను ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు లెబా.

ఫెలీస్ పకపకా నవ్వాడు. "తుపాకీకి భయపడనివాళ్ళు కుండకు భయపడతారా! ఎవరు ఓటేశారో తెలియకపోతే ఏం, అందరివీ కోస్తే సరి." దగ్గరగా ఉన్నది దీమూ. జుట్టు పట్టి లేపి, ఊరి రోటి దగ్గరికి లాక్కుపోయాడు. అతని నడుముకు తిరిగి చేరిన గీతకత్తి లాగి, చెయ్యి రోటి అంచున పెట్టి మోకాలితో తొక్కాడు. దీమూ తలెత్తి ఊరవతల ఉన్న తన తాటిచెట్ల వైపు చూశాడు.

హేలూ అప్పటికి పాకలో ఉంది. కాగు అడుగున ఏమైనా ప్రాణం మిగిలిందేమోనని రెండు చేతులతో మడ్డి తోడి చూస్తోంది. కేకలు విని అట్లాగే బయటికి పరుగెత్తింది. మోచేతుల నుంచి పచ్చటి నీళ్ళు కారుతున్నాయి.

"వాణ్ణి వదులు! ఊరిని ముంచింది నేను. కోస్తే నాది కొయ్యి."

"పిన్నీ, నువ్వు లోపలికి పో," అన్నాడు లెబా.

"నీ పేరేంటి?" అన్నాడు ఫెలీస్. "ఓటేశావా?"

"వెయ్యనియ్యలేదు. అయినా నాదే కొయ్యి."

ఆమె దీమూను పక్కకు నెట్టి తన చెయ్యి రోటి మీద పెట్టింది. ఫెలీస్‌కు ఎవరిదైతే ఏం, ఒక వేలు కావాలి. కోశాడు. కత్తి పదునుది. దీమూ రోజూ నూరుకునే కత్తి. ఒక్క దెబ్బకే తెగి రోట్లో పడింది.

తాను కిక్కురుమనలేదని అవ్వ చెబుతుంది. తాత ఊపిరాడనంతగా దగ్గాడు. ఆ అరుపు పొరుగూరి దాకా వినబడిందట.

అరుస్తూనే ఆమె పైకి లేచి, నెత్తురు కారుతున్న చేతినీ, మంచి చేతినీ ఫెలీస్ మొహానికేసి కొట్టి రుద్దింది. కళ్ళజోడు ఎగిరిపోయింది. మొహమంతా పచ్చబడింది. చొక్కా అంచుతో తుడుచుకుంటూ అతను ఆమెను బూతులు తిట్టాడు. గాలి తగిలింది. అందరూ చూస్తుండగానే ఆ పచ్చదనం నుదుటి మీద, చెంపల మీద, మెడ మీద మెల్లగా నీలంగా తిరిగింది. కాగులో మిగిలిన చివరి ప్రాణం అంతా ఆ మొహానికి పట్టింది.

కుర్రాళ్ళలో ఒకడు తుపాకీ అక్కడే పారేసి పరుగెత్తాడు.

"రండ్రా! ఈ ముసలాణ్ణి పట్టుకోండి," అని అరిచాడు ఫెలీస్, ఊరిపెద్దను చూపిస్తూ. ఒక్కడూ కదలలేదు. పట్టుకునేవాళ్ళు లేకపోతే కోయడం ఒక్కడి వల్ల కాదు. అతను కత్తి పడేసి తుపాకీ ఎత్తాడు. లెబా తన తుపాకీ అతని గుండెకు గురిపెట్టాడు.

"చాలు. పద."

వాళ్ళు వెళ్ళిపోయారు. ముందు కుర్రాళ్ళు, చాలా వెనకగా నవ్వుతూ, తిడుతూ, మొహం తుడుచుకుంటూ ఫెలీస్. దీమూ పంచె చింపి హేలూ చేతికి కట్టాడు. ఆ పది వేళ్ళతోనే కట్టాడు.

సైన్యం మళ్ళీ ఆ ఊరికి రాలేదు. అంతకన్నా పెద్ద చావులు వేరే చోట పెట్టుకుంది. తొలకరి పడింది. మగాళ్ళు గుడ్డలిప్పేసి వానలో గంతులేశారు. ఎవరూ ఎండలేదు. వంశాల మాటకొస్తే, మా అమ్మ పుట్టింది ఆ మరుసటేడే. ఊరిపెద్ద వీధిలోనూ మరో రెండు ముక్కులు పుట్టాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఒకనాడు లెబా ఆ ఊరొచ్చాడు. హేలూ వాకిట్లో కూర్చుని, చాలాసేపటి దాకా పానకం ముట్టుకోలేదు.

"ఫెలీస్ చచ్చిపోయాడు పిన్నీ. ఆ రోజే."

"సైన్యమా?"

"కాదు. కొండగట్టు దారిలో కాలు జారాడు. రాయి పట్టుకుని వేలాడుతూ చెయ్యి చాపాడు. నేను ఇంత దూరంలో ఉన్నా." లెబా తనకూ స్తంభానికీ మధ్య ఉన్న చోటు చూపించాడు. "నీలం మొహం, చెయ్యి. చెయ్యి పట్టుకోండ్రా అని అరిచాడు. మాలో ఎవ్వరం పట్టుకోలేదు. మొదట నవ్వుతున్నాడు. వేళాకోళం అనుకున్నాడు."

హేలూ చాలాసేపు తన మొండి వేలును బొటనవేలితో రుద్దుకుంది.

"వాడికి తల్లి ఉందా?"

"పట్నంలో ఉంది."

ఆమె లోపలికి వెళ్ళి నీలం బట్ట ఒకటి తెచ్చింది. రోలేలో శవానికి చుట్టేది అదే. పాత కాగు చచ్చాక పెట్టుకున్న కొత్త కాగులో అద్దిన మొదటి బట్ట. అమ్ముకోలేక దాచుకుంది.

"ఇది ఆవిడకియ్యి. వాణ్ణి చంపింది రంగు కాదని చెప్పు. మీరని చెప్పు. నేనని కూడా చెప్పు."

లెబా బట్టను రెండు చేతులతో అందుకున్నాడు. అప్పుడు కూడా ఆమె చెయ్యి తగలకుండా జాగ్రత్తపడటం ఆమె చూసింది.

అతను వెళ్ళాక హేలూ తిరిగి పనిలో కూర్చుంది. రంగులో ముంచేముందు నూలును చోటు చోటునా తాటినారతో బిగించి ముడి వేయాలి. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు, అదే పువ్వు అవుతుంది. చూపుడు వేలు లేనిదానికి ఆ ముడి బిగియదు. అందుకని దీమూ వేస్తాడు. పాక గుమ్మానికి ఇవతల, లోపలికి కాలు పెట్టకుండా, ఊళ్ళో మగాళ్ళంతా ఎగతాళి చేస్తున్నా తల వంచుకుని. ఇప్పటికీ వేస్తాడు.

"ఏంటి ఈ ముడి? ముంత కడుతున్నావా, పువ్వు కడుతున్నావా?"

"ముంతే కట్టేవాణ్ణి. నువ్వే దింపావు చెట్టు మీంచి."

"మళ్ళీ కట్టు. గట్టిగా. నా వేలు ఉంటే నీ బోడి సాయం ఎవడిక్కావాలి?"

దీమూ ఆ ముడి విప్పి, తడిచేసి, నోటితో ఒక కొస పట్టుకుని మళ్ళీ కట్టాడు. హేలూ దాన్ని లాగి చూసింది. జారలేదు. ఇంకో నారపోగు అతని ముందుకు తోసింది.